'రన్' అంటే పరుగెత్తడమేనా?

మీరు అడిగింది ఇది. ఆఫీసులో మీ మేనేజర్ 'లెట్ మీ రన్ దిస్ బై ది క్లయింట్' అని మెయిల్ పెట్టారు. మీరు రాసిన ప్రోగ్రామ్‌ని క్లయింట్ దగ్గర రన్ చేసి చూస్తారు కాబోలనుకుని, దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో రెండు పేజీల సూచనలు రాసి పంపారు. పక్క సీటతను నవ్వాక గానీ విషయం తెలియలేదు. ఇంటికొచ్చి డిక్షనరీ తెరిస్తే 'రన్' కింద అర్థాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇవన్నీ బట్టీ పట్టాలా, ఏదైనా కిటుకు ఉందా అన్నది మీ ప్రశ్న.

బట్టీ పట్టకండి. పట్టినా నిలవవు. నేను ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పాను. ఇన్నేళ్లలో నన్ను తిప్పలు పెట్టినవి నోరు తిరగని పెద్ద మాటలు కావు. పెద్ద మాట వస్తే డిక్షనరీ చూస్తాం, ఒక అర్థం దొరుకుతుంది, పనైపోతుంది. బోల్తా కొట్టించేవన్నీ గెట్, సెట్, పుట్, టేక్, రన్ లాంటి చిన్న మాటలే. ఇవి ఒకటో తరగతి నుంచీ తెలుసు కదా అనే ధీమాతో అసలు డిక్షనరీ జోలికే పోం.

ఈ అవస్థ మనకే కాదు, డిక్షనరీ రాసేవాళ్లకీ ఉంది. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినప్పుడు ముందుమాటలో కొన్ని క్రియల మీద వాపోయాడు. వీటి అర్థం మరీ వదులుగా ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు, పట్టుకుని ఒకచోట నిలబెట్టడం మహా కష్టం అని. ఆయన ఇచ్చిన ఆ క్రియల జాబితాలో రన్ ఉంది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వచ్చింది. దాని మొదటి కూర్పు 1928లో పూర్తయింది. 1989లో రెండో కూర్పు వచ్చేసరికి అందులో అన్నిటికన్నా పొడవైన ఎంట్రీ 'సెట్'ది. క్రియగా దానికి 430 అర్థాలు, ఆ ఒక్క మాట వివరణకే సుమారు 60,000 పదాలు పట్టాయి. మూడో కూర్పు కోసం సవరణలు మొదలయ్యాక 2000లో 'మేక్' దాన్ని దాటింది, 2007లో 'పుట్' దాటింది, 2011లో 'రన్' అందర్నీ వెనక్కి నెట్టి 645 అర్థాల దగ్గర నిలిచింది. ఇది క్రియగా వాడినప్పటి లెక్క మాత్రమే. ఆ ఎంట్రీ మీద పనిచేసిన పీటర్ గిల్లివర్‌కి తొమ్మిది నెలలకు పైగా పట్టింది.

ఈ 645 అంకె చూసి చాలామంది బెంబేలు పడతారు. నేనైతే దాన్ని అంత సీరియస్‌గా తీసుకోను. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చరిత్ర నిఘంటువు. ఎప్పుడో వాడి వదిలేసిన అర్థాలను కూడా తేదీలతో సహా దాచిపెడుతుంది. పైగా అర్థాలు లెక్కపెట్టడమన్నది రాళ్లు లెక్కపెట్టినట్టు ఉండదు. నిఘంటుకారుల్లో రెండు రకాలుంటారు, కలిపేవాళ్లూ విడదీసేవాళ్లూ. నది రన్ అవడం, ముక్కు రన్ అవడం రెండూ కారడమే కదా అని ఒకాయన కలిపేస్తాడు. నది వేరు, ముక్కు వేరు అని ఇంకొకాయన విడదీస్తాడు. విద్యార్థుల కోసం వేసే చిన్న డిక్షనరీల్లో ఇదే మాట కొన్ని పదుల అర్థాల్లో సర్దుకుపోతుంది.

అసలు చిక్కు మన అలవాటులో ఉంది. బడిలో తెలుగు పాఠం చివర నానార్థాలు ఉండేవి గుర్తుందా? కరము అంటే చేయి, తొండం, కిరణం, పన్ను. హరి అంటే విష్ణువు, ఇంద్రుడు, సింహం, కోతి, గుర్రం, చిలుక, కప్ప. అమరకోశంలో నానార్థవర్గం అని ఒక వర్గమే ఉంది, పూర్వం అది కంఠతా పట్టేవారు. శ్లోకంలో ఉంది కాబట్టి నోటికి వచ్చేది. మాట ఎడమవైపు, అర్థాలు కుడివైపు అనే ఆ పద్ధతే మన బుర్రలో ఉండిపోయింది. రన్‌ని కూడా అలా పట్టబోతాం. రన్ శ్లోకం కాదు, చేతికి చిక్కదు.

దీనికి మందు మీ తెలుగులోనే ఉంది. 'కొట్టు' తీసుకోండి. చప్పట్లు కొడతాం, కన్ను కొడతాం, టైరుకి గాలి కొడతాం, గోడకి సున్నం కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం, ఈత కొడతాం, సొంత డబ్బా కొట్టుకుంటాం. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, బోరు కొడుతుంది. వీటిలో నిజంగా దెబ్బ తగిలేది చప్పట్లు కొట్టినప్పుడు ఒక్కటే. తెలుగు నేర్చుకుంటున్న పరాయి మనిషి వచ్చి, 'కొట్టడం అంటే దెబ్బ వేయడమని చెప్పారు, మరి పాపం కన్నుని ఎందుకు కొడుతున్నారు?' అనడిగితే ఏం చెబుతారు? కన్ను పక్కన వస్తే దాని అర్థం అంతేనయ్యా అంటారు. మీకు ఎవరూ 'కొట్టు' అనే మాటకు పాతిక అర్థాలు చెప్పలేదు. 'కన్ను కొట్టడం' అన్న ముక్కను ముక్కగానే విన్నారు, ముక్కగానే దాచుకున్నారు. మాట పక్కన ఏ మాట కూర్చుందో చూస్తే దాని సంగతి తెలుస్తుందని జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1957లో చెప్పిన సూత్రం ఇదే. ఇప్పటి కంప్యూటర్ అనువాదాల వెనక ఉన్న ఊహ కూడా చాలావరకు అదే.

ఇక రన్ సంగతికి వద్దాం. మనం మొదటి రోజే ఒక పొరపాటు చేశాం. రన్ అనగానే కాళ్లు ఊహించుకున్నాం. కాళ్లు పక్కన పెట్టండి, సగం గందరగోళం విడిపోతుంది.

నన్నడిగితే రన్‌కి తెలుగులో దగ్గరి చుట్టం 'పరుగెత్తు' కాదు, 'పారు'. నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు. క్రియ ఒకటే, ఒకచోట ప్రవాహం, ఇంకోచోట పరుగు. చూపు పారినంత మేర అంటాం, పాచిక పారలేదు అంటాం. అక్కడ కాళ్లూ లేవు, నీళ్లూ లేవు, అయినా ఎవరికీ సందేహం రాదు. సంస్కృతంలో పరుగెత్తడమనే అర్థమున్న 'ద్రు' ధాతువు నుంచే మన ద్రవం వచ్చింది. లాటిన్‌లో పరుగుని చెప్పే 'కురెరే' నుంచి కరెంట్ వచ్చింది, మీ స్క్రీన్ మీద మిణుకుమిణుకుమనే కర్సర్ కూడా అక్కడిదే. లాటిన్‌లో కర్సర్ అంటే పరుగెత్తేవాడు. పరుగునీ ప్రవాహాన్నీ ఒకే తాటికి కట్టడం ఏ ఒక్క భాషకో పుట్టిన ఆలోచన కాదన్నమాట.

ఇంగ్లీషు రన్ పుట్టుక చూసినా ఇదే కనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో రిన్నన్, ఇర్నన్ అనే రూపాలుండేవి. మనిషి పరుగుకీ నీటి పారుదలకీ అవే. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డవాళ్ల నార్స్ భాషలోని చుట్టం మాటలు తర్వాత వీటితో కలిశాయి. దీని అన్నదమ్ముల్లాంటి మాటలు జర్మన్‌లో ఇప్పటికీ విడివిడిగా ఉన్నాయి. అక్కడ 'రెన్నెన్' అంటే పరుగెత్తడం, 'రిన్నెన్' అంటే సన్నగా కారడం.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ పాత భాషల్లో తానుగా కదలడానికి ఒక మాట, మరోదాన్ని కదిలించడానికి ఇంకో మాట ఉండేవి. తెలుగులో ఈ తేడా ఇప్పటికీ స్పష్టంగా పాటిస్తాం. నడుచు, నడుపు. తిరుగు, తిప్పు. ఆడు, ఆడించు. పారు, పారించు. ఇంగ్లీషులో ఆ రెండూ కలిసిపోయి ఒక్క రూపం మిగిలింది. అందుకే 'ది మోటార్ ఈజ్ రన్నింగ్' అంటే మోటారు తానే తిరుగుతోంది, 'హి ఈజ్ రన్నింగ్ ది మోటార్' అంటే అతను మోటారు తిప్పుతున్నాడు. మాట మారలేదు, వెనకాల కర్మ వచ్చి చేరింది, అంతే. రన్ తర్వాత వెంటనే ఒక వస్తువో సంస్థో వస్తే అక్కడ నడుచు కాదు, నడుపు అని మనసులో అనుకోండి. షీ రన్స్ ఎ కంపెనీ, ఆమె కంపెనీ నడుపుతోంది. దే రాన్ ఎ టెస్ట్, పరీక్ష జరిపారు. ది పేపర్ రాన్ ది స్టోరీ, పత్రిక ఆ వార్త వేసింది. రన్ ఎ బాత్ అంటే స్నానం కోసం తొట్టిలో నీళ్లు వదలడం.

ఇక్కడ నాకెప్పుడూ నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఇంగ్లీషువాళ్లు కంపెనీని పరుగెత్తిస్తారు, మనం నడిపిస్తాం. వాళ్ల బడి పరుగెడుతుంది, మన బడి నడుస్తుంది. సంసారం, కేసు, గడియారం, బండి, ఆఖరికి ప్రభుత్వం కూడా తెలుగులో నడకే, పరుగు లేదు. అనువాదంలో రన్ ఎదురై దారి తోచకపోతే నేను ముందు 'నడుచు' వేసి చూస్తాను. సగంసార్లు అతుకుతుంది. ఎన్నికల దగ్గరికి వస్తే ఇంకా తమాషా. అమెరికాలో అభ్యర్థి 'రన్' అవుతాడు, బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతాడు. తెలుగులో మనమూ ఎన్నికల్లో నిలబడతాం. ఒకే పనికి ఒక దేశంలో పరుగు, ఇంకో దేశంలో నిలకడ. మాటకి సొంత అర్థం ఎంత తక్కువో, అలవాటు ఎంత ఎక్కువో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మళ్లీ పారుదల దగ్గరికి. మై నోస్ ఈజ్ రన్నింగ్ అంటే ముక్కు కారుతోంది. అదే పట్టుకుని ది ట్యాప్ ఈజ్ రన్నింగ్ అన్నదాన్ని కుళాయి కారుతోంది అని రాస్తే తప్పు. తెలుగులో కుళాయి కారుతోందంటే పాడైందని అర్థం, ఇంగ్లీషులో దానికి లీక్ అనో డ్రిప్ అనో అంటారు. రన్ అవుతోందంటే తిప్పి ఉంది, నీళ్లు వస్తున్నాయి అని. ఒకే రన్‌కి ముక్కు దగ్గర పనికొచ్చిన తెలుగు మాట కుళాయి దగ్గర బెడిసికొట్టింది. ఇలాంటి చోట్లే అనువాదకుడికి చెమటలు పడతాయి.

బట్టల రంగు రన్ అయితే రంగు దిగుతోందన్నమాట. రంగు పోని బట్టని ఏమంటారో మీకు తెలుసు, ఫాస్ట్ కలర్. అంటే అద్దకం ప్రపంచంలో రన్‌కి వ్యతిరేకపదం ఫాస్ట్! పరుగుపందెంలో ఈ రెండూ జంట, బట్టల దగ్గర బద్ధశత్రువులు. ఫాస్ట్‌కి గట్టిగా పట్టుకుని ఉండటమనే పాత అర్థం ఒకటుంది, ఇక్కడ మిగిలింది అది. దీన్నించి ఒక పరీక్ష పట్టుకోవచ్చు. ఒక వాక్యంలో రన్ అర్థం తేలకపోతే అక్కడ దాని వ్యతిరేకం ఏమిటో ఆలోచించండి. మనిషి రన్ అవడానికి వ్యతిరేకం ఆగడం. కుళాయికి కట్టేయడం. కంపెనీకి మూసేయడం. ప్రోగ్రామ్‌కి క్రాష్ అవడమో ఆపేయడమో. వ్యతిరేకం మారిందంటే అర్థం మారినట్టే.

కదలనివి కూడా రన్ అవుతాయి, ఇది చాలామందికి వింతగా ఉంటుంది. ది రోడ్ రన్స్ అలాంగ్ ది రివర్. రోడ్డు ఎక్కడికీ పరుగెత్తదు, అక్కడే పడి ఉంటుంది. కానీ మనం మాత్రం? 'ఈ దారి ఎక్కడికి పోతుంది?' అని అడగమా? దారి పోదు, మనం పోతాం. మన చూపు దాని వెంట పోతుంది. లెనర్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త ఇలాంటి వాడుకకి ఊహాచలనం అనదగ్గ పేరొకటి పెట్టి వివరించాడు. సరిహద్దు గీత, పర్వతశ్రేణి, గోడమీద పగులు, వైరు, పైపు, ఇవన్నీ ఇంగ్లీషులో రన్ అవుతాయి. తెలుగులో పోతాయి, సాగుతాయి, ఉంటాయి.

దారిలాగే కాలమూ ఒక గీతే కదా. ఒప్పందం ఐదేళ్లు రన్ అవుతుందంటే ఐదేళ్లు అమల్లో ఉంటుంది. నాటకం ఆరు నెలలు రన్ అయిందంటే ఆరు నెలలు ఆడింది. త్రీ డేస్ రన్నింగ్ అంటే వరుసగా మూడు రోజులు. ఇన్ ది లాంగ్ రన్ అన్నదానికి 'దీర్ఘకాలంలో' అని పత్రికల్లో రాస్తున్నారు, తప్పు కాదు గానీ 'పోనుపోను' అన్న మాట మనకుండగా అంత బరువెందుకో! ఇట్ రన్స్ ఇన్ ది ఫ్యామిలీ అన్నా ఇదే బాపతు. ఒక గుణం తాత నుంచి మనవడి దాకా కాలువలా పారుతూ వస్తుంది. మా వంశంలోనే ఉందది, అంటాం మనం.

యంత్రాలు వచ్చాక రన్‌కి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. రైళ్లు, ఇంజన్లు, మిల్లులు, ఫ్యాన్లు, చివరికి కంప్యూటర్లు. ఇంగ్లీషు వీటన్నిటికీ ఒకే మాట అంటగట్టి ఊరుకుంది. తెలుగు అలా ఊరుకోలేదు. గడియారం నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, మిల్లు ఆడుతుంది. ప్రోగ్రామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేసి 'రన్ అవుతోంది' అనేశాం. దాన్ని నేను తప్పుపట్టను. 'అమలుపరచు' అని రాస్తే ఏ ప్రోగ్రామరూ గుర్తుపట్టడు. మీ మెయిల్ గొడవకి మూలం కూడా ఇదే. ఇంగ్లీషు నుంచి మనం అరువు తెచ్చుకున్న 'రన్' ఒక్క కంప్యూటర్ అర్థంతోనే వచ్చింది. మీ పని కూడా అదే కాబట్టి ఆ అర్థమే ముందు తట్టింది.

ఇంకో గుంపు ఉంది. రన్ తర్వాత విశేషణం వస్తే అక్కడ కదలికే ఉండదు, 'అవడం' మాత్రమే ఉంటుంది. వెల్ రన్ డ్రై అయితే బావి ఎండిపోయింది. రన్నింగ్ లేట్, ఆలస్యమవుతోంది. రన్నింగ్ లో, నిండుకుంటోంది. రన్నింగ్ షార్ట్, చాలకుండా పోతోంది. ఈ నాలుగు చాలు.

ఇక తోకలున్న రన్‌లు. అవుట్, ఇంటు, ఓవర్, డౌన్, అప్, ఆఫ్, త్రూ లాంటి చిన్న మాట వెనక చేరగానే బరువంతా దాని మీదకి పోతుంది. రన్ అవుట్ తీసుకుంటే ఒకదాని చివరికి చేరుకోవడం. డబ్బు అయిపోతుంది, టైమ్ అయిపోతుంది, పాస్‌పోర్ట్ గడువు తీరిపోతుంది, ఓపిక నశిస్తుంది. క్రికెట్‌లో రనౌట్ మాత్రం వేరే. అక్కడ రన్ అంటే పరుగే, అవుట్ అంటే అవుటే. మీరు క్రికెట్ చూస్తూ పెరిగి ఉంటే 'వి రాన్ అవుట్ ఆఫ్ మిల్క్' విన్నప్పుడు మొదట వికెట్లే కళ్లముందు మెదిలి ఉంటాయి. రన్ ఇంటు అంటే అడ్డు తగలడం. స్నేహితుడు దారిలో అనుకోకుండా ఎదురుపడతాడు, కారు గోడని గుద్దుకుంటుంది, పనిలో చిక్కులు వస్తాయి, ఖర్చు లక్షల్లోకి పోతుంది. నాలుగు సంగతులు, ఒకే బొమ్మ: పోతూ పోతూ దేన్నో తాకడం.

డౌన్ మాత్రం ఇంత మంచిది కాదు. హి వాజ్ రన్ డౌన్ అన్న వాక్యం ఒంటరిగా కనబడితే నేను ముట్టుకోను. అతన్ని బండి గుద్దిందా, ఎవరైనా తిట్టిపోశారా, ఒంట్లో ఓపిక లేక నీరసించాడా? మూడూ కుదురుతాయి. బ్యాటరీ అయితే చార్జి అయిపోయింది, భవనం అయితే శిథిలావస్థలో ఉంది. రన్ ఓవర్ కూడా అంతే, బండి మనిషి మీదుగా పోవచ్చు, నీళ్లు గిన్నె నుంచి పొర్లొచ్చు, మీటింగ్ టైమ్ దాటిపోవచ్చు. రన్ త్రూ అంటే నాటకాన్ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వేసి చూసుకోవడం. పాత యుద్ధకథల్లో కనబడితే మాత్రం కత్తి ఒంట్లో దిగిందని!

ఆఫ్ తోకతో నేను ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తలో ఒకరు అనువాదం కోసం నాకు విడి మాటల పట్టిక పంపారు, వాక్యాలు లేవు. అందులో 'రన్‌ఆఫ్' ఉంది. అంతకు ముందు వారమే విదేశీ ఎన్నికల వార్తలు తెలుగు చేసి ఉన్నాను. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పెట్టే పోలింగ్‌ని రన్‌ఆఫ్ అంటారు. ఆ ఊపులో 'మలివిడత పోలింగ్' అని రాసేశాను. తీరా అది పొలాల నుంచి వాననీటితో కొట్టుకుపోయే ఎరువుల మీద నివేదికట. అక్కడ రన్‌ఆఫ్ అంటే నేలలో ఇంకకుండా పైపైన పారిపోయే నీరు. నేల తడిసీ తడవకముందే ఓట్లు పడ్డాయని వాళ్లు చాలాకాలం ఆటపట్టించారు. అప్పట్నుంచి వాక్యం ఇవ్వకుండా విడి మాటకి అర్థం అడిగితే నేను చెప్పను. మీరూ అడగకండి, ఎవరికీ చెప్పకండి.

నామవాచకంగా రన్ గురించి ఎక్కువ చెప్పను, అది మరో పురాణం. ఒక్కటి మాత్రం వార్తల్లో వస్తుంటుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి. రన్ ఆన్ ది బ్యాంక్ అంటే బ్యాంకు దివాలా తీస్తుందన్న భయంతో డిపాజిటర్లందరూ ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడటం. 1933 మార్చిలో అమెరికాలో ఇది అదుపు తప్పడంతో, అప్పుడే అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ దేశమంతటా బ్యాంకులకు కొన్నాళ్లు సెలవు ప్రకటించాల్సి వచ్చింది. బ్యాంకుని నడపడం వేరు, బ్యాంకు మీద రన్ వేరు. మధ్యలో 'ఆన్' ఉందా లేదా అన్నదే తేడా. ది మీదా, ఎ మీదా కాలక్షేపం చేసే వ్యాకరణ పుస్తకాలు ఈ ఆన్ గురించి ఒక్క ముక్క చెప్పవు.

మరి మీరు చేయాల్సిందేమిటి? నోటు పుస్తకంలో 'రన్ =' అని రాసే అలవాటు మానేయండి. కనిపించిన చోట మొత్తం ముక్క రాసుకోండి, ఎదురుగా ఆ సందర్భంలో మీ ఇంట్లో ఏమంటారో అదే తెలుగు రాయండి. 'రన్నింగ్ ఎ ఫీవర్' ఎదురుగా 'జ్వరంగా ఉంది'. 'రన్ ఎ రిస్క్' ఎదురుగా 'రిస్క్ తీసుకోవడం', ప్రమాదాన్ని పరుగెత్తించడం కాదు. కొత్త వాక్యం ఎదురైతే ముందు చూడాల్సింది రన్ అయ్యేది ఏమిటన్నది. మనిషా, నీరా, యంత్రమా, దారా, కాలమా? తర్వాత వెనకాల కర్మ ఉందేమో, తోక ఉందేమో చూడండి. ఇంతవరకూ చూస్తే పదింటిలో ఎనిమిది వాక్యాలు డిక్షనరీ లేకుండానే విడిపోతాయి. మిగతా రెండూ విడవవు. ఆడవాళ్ల సన్నటి మేజోళ్లలో పోగు తెగి నిలువునా సాగే చీలికను అమెరికాలో రన్ అంటారు, బ్రిటన్‌లో నిచ్చెన అంటారు. అలాంటివి ఏ కిటుకుకీ లొంగవు, తెలిసినప్పుడు తెలుస్తాయి.

ఇక మీ మెయిల్. రన్ సంథింగ్ బై సమ్‌వన్ అంటే ఒక విషయాన్ని ఒకరి ముందునుంచి అలా ఒకసారి పోనివ్వడం, వాళ్లు ఏమంటారో చూడటం. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాటుంది, చెవిన వేయడం. మీ మేనేజర్ రాసింది 'ఈ సంగతి ఒకసారి క్లయింట్ చెవిన వేస్తాను' అని. ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, పని ఇంకా ఖాయం కాలేదు, క్లయింట్ వద్దన్నా అనొచ్చు. రెండు, బంతి ఇప్పుడు మేనేజర్ దగ్గరుంది, మీరు చేయాల్సింది ఏమీ లేదు. మీరు పంపిన ఇన్‌స్టాలేషన్ సూచనలు వృథా ఏం కాలేదు లెండి, క్లయింట్ సరేనంటే అవి ఎలాగూ కావాలి. రెండు మూడు రోజులు చూసి కబురు రాకపోతే 'డిడ్ యు గెట్ ఎ చాన్స్ టు రన్ ఇట్ బై దెమ్?' అని ఒక లైన్ రాయండి. సారీ చెబుతూ ఇంకో రెండు పేజీలు మాత్రం రాయకండి.